పదిహేడడుగుల ఎనిమిదంగుళాలు

నిద్ర పట్టట్లేదు. ఆయన గురక మామూలే. "మేడమ్, ఆ హ్యాండ్‌బ్యాగు అటు భుజానికి మార్చుకుంటారా?" అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. జిప్పు తగిలి పెయింటు గీసుకుంటుందట. పక్కనే మా ఆయన బెల్టు బకిల్ మాత్రం ఆ కారు ఓనరు పెద్దమనిషికి ఆనలేదు.

అమ్మకానికి పెట్టిన పాత కారు చూసొచ్చాం. కొనడానికి కాదు, "ఊరికే". మా ఇంట్లో ఈ మాటకి అర్థం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, ట్రెడ్‌మిల్ కూడా ఊరికే చూడబోయిందే.

1961 లింకన్ కాంటినెంటల్, నాలుగు తలుపుల కన్వర్టిబుల్. ఆ ఏడాది ఇలాంటివి చేసింది 2,857. ప్రెసిడెంట్ కెనెడీ ఎక్కింది ఈ మోడల్‌నే సాగదీసి చేసిన బండి. మా మిషిగన్‌లోనే డియర్‌బోర్న్ మ్యూజియంలో ఉంది, ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ తీసుకెళ్ళి చూపించాం కదా. ఇది నల్లగా నిగనిగలాడుతోంది. ముట్టుకోకూడదు, ఎక్కకూడదు. రెస్టోర్ చేశాక రోడ్డెక్కలేదనీ, ఎక్కడికైనా ట్రైలర్ మీదేననీ ఓనరు గొప్పగా చెప్పాడు. ఒళ్ళు మండింది. టాప్ తీసి తిరగడానికి చేసిన బండిని మోసుకు తిరగడమేమిటి?

అంతలో వెనక తలుపు తెరిచాడు. అది వెనక్కి తెరుచుకుంటుంది. హ్యాండిల్ లాగగానే అద్దం దానంతటదే కాస్త కిందికి జారింది, తలుపు వేశాక మళ్ళీ పైకొచ్చింది. పక్కింటి పెద్దాయన గుర్తొచ్చాడు.

మేం ఈ నోవై ఊరొచ్చిన కొత్తలో మా వాకిట్లో మంచు కూడా తనే తోసి, థాంక్స్ చెప్పేలోపే వెళ్ళిపోయే మనిషి. కుర్రతనంలో పక్కనే విక్సమ్ ప్లాంటులో ఈ కార్లకే తలుపులు బిగించేవాడు. ప్రతి బండినీ 12 మైళ్ళు నడిపి చూశాకే గేటు దాటించేవాళ్ళమనేవాడు. ఓసారి మా మినీవ్యాన్ తలుపు వేసి, తల వంచి చప్పుడు విన్నాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు. మూడోసారి మొహం అదోలా పెట్టి, "పర్లేదు, ఇంటికి తీసుకొస్తుందిలే" అన్నాడు. ఆయన నవ్వించిన మాట అదొక్కటే అనుకుంటా. 2007లో ప్లాంటు మూశారు. ఆ తర్వాత అటువైపు ఏ పని ఉన్నా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

ఇవాళ ఆ తలుపు చప్పుడు నేనూ విన్నాను. బ్యాంకు లాకరు మూసినట్టుంది.

ఆ తర్వాత ఓనరు టాప్ తీసి చూపిస్తానని స్విచ్చు నొక్కాడు. డిక్కీ మూత వెనక్కి లేచింది, టాప్ సగం లేచి, గాలికి తిరగబడ్డ గొడుగులా ఆగిపోయింది. ఎక్కడో రిలే, అదే లోపలి కరెంటు స్విచ్చు, టిక్కుటిక్కుమంటోంది. అందరూ ఫోన్లు తీశారు. ఆయన ఇస్త్రీ చొక్కాతోనే డిక్కీలోకి దూరాడు. తడుముకోకుండా ఏ వైరు ఎక్కడుందో చేతికే తెలిసినట్టు, పావుగంటలో బాగుచేసి బయటికొచ్చాడు. మోచేతులదాకా గ్రీజు. ట్రైలర్ ఎందుకో అప్పుడర్థమైంది. ఇన్నేళ్ళు దాని కడుపులో చేతులు పెట్టినవాడు రోడ్డు మీద ఎవడి బండికో ఎదురుపెడతాడా? నా బ్యాగు సంగతి మాత్రం క్షమించలేదు.

అడిగిన ధర ఇక్కడ రాయను, అమ్మ కూడా చదువుతుంది.

ఇంటికొచ్చాక గ్యారేజీలో టేపు లాగుతున్న చప్పుడు. బండి పొడవు పదిహేడడుగుల ఎనిమిదంగుళాలట. "బియ్యం బస్తాలు జరిపితే పడుతుందోయ్, ఊరికే చూశా" అన్నారు.