పీఠానికి వంగాలా, మోకరించాలా?

గడప దగ్గర చెప్పులు విడిచి, తీర్థజలంతో సిలువ గుర్తు వేసుకుని కథోలిక గుడిలోకి అడుగుపెట్టగానే మందసం, అంటే సత్ప్రసాదం భద్రపరిచే పెట్టె, దగ్గరి దీపం చూడండి. అది వెలుగుతోందంటే దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మారిన అప్పం, అక్కడ ఉన్నట్టే. మోకరించేది ఆ క్రీస్తు ముందు. బలిపీఠానికైతే నడుము వంచి నమస్కరిస్తే చాలు. ఈ తేడా తెలియకే చాలామంది ఎక్కడ పడితే అక్కడ సగం సగం వంగి వెళ్లిపోతుంటారు.

మోకరించడమంటే కుడి మోకాలు నేలకు ఆనాలి. వీపు నిటారుగా ఉంచి, ఒక్క క్షణం ఆగి లేవాలి. తూలేవాళ్లు బెంచీ పట్టుకోవచ్చు. సిలువ గుర్తు వేసుకుంటూనే మోకాలు మడిచి లేచేస్తే రెండూ చెడతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బాధపడనక్కర్లేదు, నిండుగా వంగితే అదే ఆరాధన.

నిజానికి మన దేశానికి ఇంకో దారి కూడా ఉంది. 1969 ఏప్రిల్ 25న రోము ఒప్పుకున్న, పూజలో మన దేశపు ఆచారాలకు చోటిచ్చే 12 అంశాల ప్రకారం మోకరించడానికి బదులు చేతులు జోడించి బాగా వంగవచ్చు. ముద్దు పెట్టుకునే చోట వేళ్లతో తాకి కళ్లకద్దుకోవచ్చు. పంచాంగ ప్రణామమూ అందులో ఉంది: రెండు మోకాళ్లు, రెండు అరచేతులు, నుదురు, ఈ ఐదూ నేలను తాకాలి. సిలువ పాదాలను తాకి కళ్లకద్దుకునే మన పెద్దమ్మల భక్తిలో లోటేమీ లేదు.

బైబిలు పఠనం చదవడానికి వెళ్లేవాళ్లు పూజ మధ్యలో మందసం ముందు మోకరించకూడదు. పీఠానికి వంగి వెళ్లాలి. పూజలో అందరం కలిసి చెప్పే విశ్వాస సంగ్రహంలో దేవుని కుమారుడు మనిషైన మాట రాగానే అందరం వంగాలి. దేవదూత మరియమ్మకు వార్త చెప్పిన పండుగ అయిన మార్చి 25న, క్రిస్మస్ నాడు ఆ మాట దగ్గర మోకరించాలి. ఇది దాదాపు మరచిపోయాం. పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) మందసం ఖాళీగా ఉంటుంది, అలవాటుకొద్దీ అటే మోకరిస్తాం. ఆ రోజు సిలువ ఆరాధన మొదలైనప్పటి నుంచి పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి పూజ) వరకు మోకరించాల్సింది సిలువకే.

ఇక అసలు ఘట్టం, సత్ప్రసాద స్వీకరణ. గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. మంచినీళ్లకు, మందులకు అడ్డు లేదు. ముందున్నవారు స్వీకరిస్తుండగానే తల వంచి నమస్కరించండి. మన వంతు వచ్చాక వంగితే సత్ప్రసాదం ఉన్న పాత్రకు తల తగలవచ్చు. చేతిలో తీసుకునేవాళ్లు ఎడమ అరచేతిని పైన, కుడిచేతిని దాని కింద ఉంచి, ఛాతీ ఎత్తున చాపాలి. “ఆమెన్” వినపడేలా చెప్పాలి. గురువు వేళ్ల నుంచి లాక్కోకూడదు. పక్కకు ఒక్క అడుగు జరిగి, ఆయన కళ్లెదుటే కుడిచేతి వేళ్లతో తీసి నోట్లో పెట్టుకోవాలి. నడుస్తూ తినడం, జేబులో వేసుకోవడం ఎంతమాత్రం తగదు.

తర్వాత అరచేయి చూసుకోండి. చెమట పట్టిన చేతికి తెల్లటి నలుసు అంటుకుని ఉండవచ్చు, అదీ ప్రభువే. దాన్ని దులపకుండా నాలుకతో తీసుకోవాలి. అప్పం కింద పడితే కాలు కదపకుండా అక్కడే నిలబడి గురువుకు చెప్పండి, భక్తితో పైకి తీస్తారు.