పాత పచ్చబొట్టు మీద కొత్త బొమ్మ: ఇంగ్లండ్‌లో డ్యూటీలు చేసుకుంటూ

జాతరలో బ్యాటరీ మిషన్‌తో ముంజేతి మీద పొడిపించుకున్న పేరును ఇంగ్లండ్ వచ్చాక మార్పించుకోవాలనుకునే మనవాళ్లు చాలామందే. గోడకు సున్నం కొట్టినట్టు కొత్త రంగు పాతదాని పైన పొరలా పరుచుకోదు. రెండూ చర్మంలో ఒకే పొరలో కలిసిపోయి కలిపే కనిపిస్తాయి. అందుకే నల్ల గీత మీద పసుపు, తెలుపు, లేత గులాబీ నిలవవు. నలుపు, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చే దిక్కు. బొమ్మ కూడా పాతదానికి రెండు మూడింతలవుతుంది.

ముందు కళ్లు మూసుకుని పాత గీతను వేలితో తడమండి. ఉబ్బెత్తుగా తగిలితే సూది లోతుగా దిగి మచ్చ కట్టిందన్నమాట. ఎంత నలుపు నింపినా పక్కనుంచి వెలుతురు పడితే అది తెలిసిపోతుంది. అలాంటిచోట నున్నటి నలుపు వద్దు, గీతలు ఎక్కువున్న బొమ్మ కావాలి. మన అక్షరాలు గుండ్రటివి కాబట్టి గులాబీ రేకుల అంచుల్లో, చేప పొలుసుల్లో, నెమలీకలో ఇమిడిపోతాయి. నిటారు గీతల కత్తి బొమ్మ వేయిస్తే వంపులన్నీ బయటపడతాయి.

అక్కడి ఆర్టిస్టుకు తెలుగు రాదు, అతనికవి ఉత్త గీతలు. తెలుగు చదివే కన్ను మాత్రం సగం అక్షరాన్ని తనంతట తానే పూర్తి చేసేసుకుంటుంది. స్టెన్సిల్ (సూది పట్టేముందు చర్మం మీద అద్దే బొమ్మ అచ్చు) అతికించాక చెయ్యి చాపి మీరే చూసుకోండి. తలకట్టో, ఒత్తో బయట మిగిలితే సూది పట్టకముందే జరిపించండి.

పాత రంగు మరీ చిక్కగా ఉంటే లేజర్‌తో రెండు మూడు సిట్టింగులు పలచబరిపించడం మేలు. ఒక్కోదానికీ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, చివరిదాని తర్వాత కనీసం రెండు నెలలు. మన చామనచాయకు 1064 నానోమీటర్ల లేజర్ వాడతారా అని అడగండి. 532 నానోమీటర్ల దానితో చర్మం మీద తెల్లమచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. పాత గాయాలకు కీలాయిడ్ (గాయాన్ని దాటి పెరిగే ఉబ్బెత్తు మచ్చ) లేచే ఒళ్లయితే డాక్టర్‌కు చూపించకుండా ఏదీ మొదలుపెట్టకండి.

రోటా (డ్యూటీల పట్టిక) చేతికి రాకముందు స్టూడియోలో డేట్ తీసుకోవద్దు. అడ్వాన్సు సాధారణంగా తిరిగివ్వరు. కేర్ హోముల్లో, ఆసుపత్రుల్లో మోచేతి కింద బట్ట ఉండకూడదు, చేతులు పూటకు ఎన్నోసార్లు కడగాలి. పచ్చి గాయంతో ఆ డ్యూటీ చేస్తే మీకూ, మీరు చూసుకునే పెద్దవాళ్లకూ మంచిది కాదు. కనీసం వారం సెలవు పెట్టుకుని, ఆ తర్వాత కూడా మానేజర్‌ను అడిగాకే వెళ్లండి. కౌన్సిల్ (ఊరి స్థానిక పాలక సంస్థ) ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం స్టూడియోలో కనబడుతోందో లేదో చూడండి.

ఇంటికొచ్చాక వాసనలేని సబ్బుతో రోజుకు రెండుసార్లు కడిగి, మెత్తగా అద్ది, క్రీము పలచగా రాయండి. పసుపు, కొబ్బరినూనె పచ్చి గాయం మీద వద్దు. పొట్టు గిల్లితే రంగు దానితోపాటే లేచిపోతుంది. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా జీపీ (మీ ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి వెళ్లండి.

నెల తిరిగేసరికి కొత్త నలుపు కాస్త తగ్గి, పాత గీత మళ్లీ తొంగిచూడొచ్చు. కంగారు పడొద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు చర్మం పూర్తిగా మానాక ఆ చోట మాత్రమే ఇంకోసారి దిద్దుతారు. ఆ సిట్టింగ్‌కు విడిగా డబ్బు తీసుకుంటారో లేదో మొదటిరోజే అడిగి పెట్టుకోండి.