స్కూటీ మీద గాలి లెక్క

గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో మా నెల్లూరు ఉంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రాం జాబితా అది. సరే, కాలుష్యం ఏ రోడ్డులో ఎక్కువ, ఏ పూట ఎక్కువ? మ్యాపు మీద నేనే చూసుకుందామనిపించింది.

ఎస్‌డీఎస్011 అనే చిన్న సెన్సర్, జీపీఎస్, మెమరీ కార్డు కొని స్కూటీ ముందు కట్టాను. లోపలి ఫ్యాను గాలిని లాగుతుంది, రేణువుల మీద పడి చెదిరే లేజర్ వెలుగును బట్టి పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని రేణువుల లెక్క వస్తుంది. వేదాయపాళెం నుంచి మద్రాస్ బస్టాండ్, వీఆర్సీ సెంటర్ మీదుగా ఆత్మకూరు బస్టాండ్ దాకా రోజూ తిరిగాను.

మొదటి రాత్రి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే నా చుక్కలన్నీ ఉత్తర ధ్రువం వైపు, స్వాల్‌బార్డ్ దగ్గర పడ్డాయి! అక్షాంశం 14.4, రేఖాంశం 79.9 తారుమారు చేశాను.

అది సరిచేశాక అసలు తంటా. చుక్కల మధ్య ఖాళీలను సాఫ్ట్‌వేరే రంగుతో నింపేసింది. అందంగానే ఉంది కానీ, నేను అడుగే పెట్టని మాగుంట లేఅవుట్ వీధులు కూడా ఎర్రబడ్డాయి. తీసేశాను. జనవరి పొద్దున్నే తీసిన అంకెలైతే భయపెట్టాయి. చూస్తే అది పొగ కాదు, మంచు. తేమ 70 శాతం దాటితే ఈ సెన్సర్‌ను నమ్మలేం, నీటి తుంపరనూ దుమ్ముగానే లెక్కేస్తుంది. తేమ కొలిచేది ఇంకోటి తగిలించి, తేమ ఎక్కువున్నప్పటి అంకెలను పక్కన పెట్టాను.

ఇంకో తప్పు, ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) రంగులు వాడటం. పీఎం 2.5కి మన పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, అదీ 24 గంటల సగటు. బస్సు వెనక రెండు నిమిషాలు ఇరుక్కున్నందుకు ఆ రోడ్డుకు ముదురు ఎరుపు పూయడం అన్యాయం. రోడ్డును యాభై మీటర్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు అన్ని ట్రిప్పుల అంకెల్లో నడిమిది తీసుకుని, ఒకే రంగు లేతనుంచి ముదురుకు వేశాను. పొద్దుటిది వేరు, సాయంత్రానిది వేరు.

ఆత్మకూరు బస్టాండ్ దగ్గర ఒక ఆటో అన్నకు ఫోన్‌లో చూపించాను. ముదురు ముక్కను వేలితో పెద్దది చేసి, "ఇంజన్ ఆపకుండా బస్సులు నిలబడేది ఈడే గదా" అన్నాడు. తర్వాత తన స్టాండు కోసం వెతికాడు. అది రోడ్డుకు ఇరవై అడుగులు లోపల, చెట్టు కింద. అక్కడ నా మ్యాపు ఖాళీ.

"నేను పొద్దస్తమానం ఉండేది ఆడ అబ్బయా, అది కొలవలేదేంది?"

మర్నాడు సెన్సర్ విప్పి ఆయన ఆటోకు కట్టాను.