వెకేషన్‌కి వచ్చినవాళ్ల రక్తపరీక్ష

గల్ఫ్ నుంచి 45 రోజుల వెకేషన్‌కి వస్తారు. పిల్లలు కాలేదంటే స్కానింగులు, హార్మోన్ పరీక్షలు అన్నీ ముందు భార్యకే. భర్త వీర్యపరీక్షకు ఒప్పుకున్నా, అక్కడ ఏం పని చేస్తారని అడిగే డాక్టరు తక్కువ. సీసం, కాడ్మియం లాంటి విషలోహాల పొగ వీర్యకణాలను దెబ్బతీస్తుంది కాబట్టి, అడగకపోతే మీరే చెప్పండి.

వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, పరిపక్వం కావడానికి మరో పది పన్నెండు రోజులు పడుతుంది. కాబట్టి దిగిన వారంలో ఇచ్చే శాంపిల్ గత మూడు నెలల సైటు పనిది, ఇంటి తిండిది కాదు.

పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించేవాళ్లకు, సీసం కలిసిన పాత పెయింటున్న ఇనుమును గ్యాస్‌తో కోసేవాళ్లకు ముప్పు ఎక్కువ. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, 500 దాటితే పొగ జోరుగా లేస్తుంది, కటింగ్ టార్చ్ మంట వేల డిగ్రీలు. ఏసీ పైపులు బ్రేజింగ్ చేసేవాళ్లు, అంటే లోహపు కడ్డీ కరిగించి అతికేవాళ్లు, ఆ కడ్డీలో కాడ్మియం ఉందేమో ప్యాకెట్ మీద చూసుకోవాలి. అది వృషణాల్లోని రక్షణ పొరనే దెబ్బతీస్తుంది. సీసం తీరు వేరు: వీర్యకణంలో డీఎన్ఏను బిగించి పట్టే ప్రొటీన్లో జింకు ఉండాల్సిన చోట తాను చేరుతుంది.

రక్తంలో సీసం డెసిలీటరుకు 40 మైక్రోగ్రాములు దాటినవాళ్లలో వీర్యకణాలు తగ్గినట్టు అధ్యయనాల్లో కనిపించింది. అమెరికా ఫ్యాక్టరీ నియమం మాత్రం 60కి చేరితే పని మాన్పించి, 40 లోపుకి దిగాక మళ్లీ రమ్మంటుంది. నియమం పాటించే చోటే ఇలా ఉంది!

సీసం దాదాపు అంతా ఎర్రకణాల్లోనే ఉంటుంది. అందుకే సీరంలో (కణాలు తీసేసిన రక్తద్రవంలో) కాదు, మొత్తం రక్తంలో లెడ్, అంటే సీసం, చూడమనాలి. అదీ వచ్చిన మొదటి వారంలోనే. నెలకు సుమారు సగం దిగిపోతుంది, ఆలస్యమైతే రిపోర్టు మోసం చేస్తుంది. ఎముకల్లో చేరింది మాత్రం ఏళ్లపాటు ఉంటుంది.

వీర్యపరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు విరామం ఉండాలి, శాంపిల్ గంటలోపు ల్యాబుకు చేరాలి. మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు, 42 శాతం కదలిక కింది హద్దులు. ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు. మూడు నెలలకు మళ్లీ చేయించాలి, అప్పటికి మీరు క్యాంపులో ఉంటారు, అక్కడే చేయించి డాక్టరుకు వాట్సాప్ చేయండి. అన్నిటికీ లోహాలే కారణం కాదు, వేడి, షుగరు, వేరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) కూడా చూడాలి.

పనిలో సర్జికల్ మాస్కు పొగను ఆపదు. సన్నని పొగ కణాలను కూడా ఆపే పీ100 ఫిల్టరున్న మాస్కు కావాలి, గడ్డం ఉంటే అదీ ముఖానికి బిగుసుకోదు. దుమ్ము దులపడానికి కంప్రెసర్ గాలి కొట్టుకోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. చేతులు కడగకుండా సిగరెట్ ముట్టిస్తే సీసం నోట్లోకి, పొగాకులో కాడ్మియం అదనం.

సీసాన్ని దించే మందులు పని మానకుండా వాడకూడదు, పేగుల్లోంచి మరింత సీసం లోపలికి వెళ్లొచ్చు. వీర్యపుష్టికని ఎవరైనా భస్మాలిస్తే పేరు అడగండి: నాగ భస్మమంటే సీసమే.