కాకి ఎందుకు నల్లబడింది

నాన్న పోయిన రెండో నెలలో, వంటగది కిటికీ చువ్వల మధ్య ఒక కాకి ఈక దొరికింది. జానెడుకు కాస్త తక్కువ. తీసి, చదువుతున్న పుస్తకంలో పెట్టుకున్నాను. అప్పటికే ఆ కిటికీకి రోజూ ఒక కాకి వస్తోంది. వచ్చినప్పుడు అమ్మ ఏమీ అనేది కాదు. రాని రోజు మాత్రం "ఇవాళ ఇంకా రాలేదేమే?" అని అడిగేది. ఎవరి గురించి అడుగుతోందో నేను రెట్టించలేదు.

చిన్నప్పటినుంచి బొమ్మలు వేసే అలవాటు నాకు. ఆ ఈకను వేద్దామని ఒక రాత్రి సిరా, కుంచె ముందేసుకుని కూర్చున్నాను. నల్లటిదే కదా, ఎంతసేపు అనుకున్నాను. వేశాక చూస్తే కాగితానికి చిల్లు పడ్డట్టుంది. అప్పుడు ఈకను దీపం కింద పెట్టి మెల్లగా తిప్పాను. అంచున నీలం పరుగెత్తింది. ఇంకాస్త వంచితే వంగపండు రంగు. నడిమి కాడ దగ్గర మాత్రం ఏ మెరుపూ లేని చిక్కటి నలుపు. ఆ నలుపు మెలనిన్ అనే రంగు పదార్థానిది. ఆ పదార్థం ఉన్న ఈక తెల్ల ఈక కన్నా గట్టిది, తొందరగా అరగదు. నీలం మాత్రం రంగే కాదు. ఈక పైనున్న పలచటి కెరటిన్ (మన గోళ్లలో ఉండే పదార్థమే) పొర, దాని కింది మెలనిన్ కణాలు కలిసి వెలుతురుతో ఆడే ఆట. ఒకటే ఈక, చూసే వాలును బట్టి మారిపోతోంది.

ఆ రాత్రి నుంచి నాకు కాకి కథల పిచ్చి పట్టింది. ఏ దేశం కథ చదివినా ఒకటే ప్రశ్న: దీన్ని నల్లగా ఎందుకు చేశారు?

రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో అపోలో దేవుడి కాకి మొదట పాలలా తెల్లగా ఉంటుంది. అపోలో ప్రియురాలు కొరోనిస్ వేరొకడితో ఉందన్న కబురు అతనికి మోసుకొస్తుంది. అతను కోపంతో బాణం వేసి ఆమెను చంపేస్తాడు. మరుక్షణం ఏడుస్తాడు. చితి మీదున్న ఆమె కడుపులోంచి బిడ్డను తీసి కాపాడతాడు. ఆ బిడ్డే వైద్యానికి దేవుడైన అస్క్లేపియస్. ఇక కబురు తెచ్చిన పక్షిని నల్లగా మారిపొమ్మంటాడు. చేసింది తను, శిక్ష పక్షికి. మొదటిసారి చదివినప్పుడు నాకు అపోలో మీద నిజంగానే కోపం వచ్చింది.

తర్వాత గ్రీస్‌లోని డెల్ఫీ మ్యూజియంలోని ఒక పాత్ర ఫోటో చూశాను. తెల్లటి పూత మీద బొమ్మ గీసిన వెడల్పాటి మద్యపాత్ర అది, క్రీస్తుపూర్వం 480–470 నాటిది. అపోలో కూర్చుని ఉంటాడు. ఒక చేతిలో వీణలాంటి లైర్, ఇంకో చేతిలోని చిన్న పాత్రలోంచి నేల మీదికి మద్యం ధార పోస్తుంటాడు. ఎదురుగా, ఇంచుమించు అతని ముఖం ఎత్తులో, ఒక నల్లటి పక్షి. ఎగిరిపోదు, తల దించదు, చూస్తూ నిలబడుతుంది. ఆ బొమ్మంతటిలో అంత నల్లగా ఉన్నది అదొక్కటే, అందుకే కన్ను ముందు దాని మీదికే పోతుంది. ఇద్దరి మధ్యా జరగాల్సిందంతా జరిగిపోయాక కూర్చున్నట్టు ఉంటుంది నాకు. ఆ ఫోటోను ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో లెక్క లేదు.

చైనాలో దీనికి పూర్తిగా ఎదురు కథ. అక్కడ కాకి ఉండేది సూర్యుడిలోనే. 1972లో హునాన్ ప్రాంతంలోని మావాంగ్‌డుయిలో ఒక గొప్పింటి స్త్రీ సమాధి తవ్వితే, శవపేటిక మీద కప్పిన పట్టు చిత్రం బయటపడింది. రెండు మీటర్ల పైచిలుకు పొడవు, రెండు వేల ఏళ్లు దాటిన వయసు. పైన కుడి మూల ఎర్రటి సూర్యుడు, అందులో నల్ల కాకి. ఎడమ మూల చంద్రవంక, కప్ప, కుందేలు. చనిపోయినామె వెళ్లే దారికి పైన వెలుగుతో పాటు కాకిని కూడా కూర్చోబెట్టారు.

ఉత్తర అమెరికా పసిఫిక్ తీరపు హైదా, ట్లింగిట్ జనాల కథల్లో అయితే వెలుగును తెచ్చిందే రేవెన్, అంటే పెద్ద కాకి. ఒక ముసలాయన వెలుగును పెట్టెలో దాచుకుంటే, ఇది చెట్టు సూదిలాంటి ఆకుగా మారి ఆయన కూతురు తాగే నీళ్లలో పడుతుంది. ఆమె కడుపున మనవడై పుట్టి, ఆ పెట్టె కావాలని ఏడ్చి ఏడ్చి సాధిస్తుంది. వెలుగు చేతికి రాగానే పొగగొట్టం గుండా ఎగిరిపోతుంది. అంతకుముందు తెల్లగా ఉన్న పక్షి ఆ పొగకే నల్లబడిందని కొన్ని చోట్ల చెబుతారు.

ఇది చదివినప్పుడు నాకు అపోలో కథ కూడా వేరేగా కనిపించింది. శిక్ష అన్నది అపోలో మాట. నాకు మాత్రం ఆ నలుపు దారిలో అంటుకున్న మసిలా కనిపిస్తుంది. ఎవరూ వెళ్లలేని చోటికి వెళ్లి, అక్కడున్నది తెచ్చి చేతిలో పెట్టిన పక్షికి ఆ ప్రయాణం ఒంటి మీద ఉండిపోయింది.

అందుకే చావు దగ్గరికి వచ్చేసరికి ప్రతి కథా కాకినే పిలుస్తుంది. ఖురాన్‌లో, తమ్ముణ్ణి చంపిన వాడికి ఆ దేహాన్ని ఏం చెయ్యాలో తెలియకపోతే, దేవుడు పంపిన కాకి నేలను గీరి చూపిస్తుంది. మనిషికి మొదటి గొయ్యి తవ్వడం నేర్పింది కాకి. రామాయణం ఉత్తరకాండలో మరుత్తుడి యజ్ఞానికి రావణుడు వస్తే దేవతలంతా భయపడి తలో ప్రాణిలో దాక్కుంటారు. ఇంద్రుడు నెమలిలో, వరుణుడు హంసలో, కుబేరుడు తొండలో. యముడు కాకిలో. గండం గడిచాక కాకికి వరమిస్తాడు: రోగాలు నిన్నంటవు, నువ్వు తిని తృప్తి పడితే నా లోకంలో ఆకలితో ఉన్నవాళ్లకూ తృప్తి కలుగుతుంది, అని. అందరినీ భయపెట్టే యముడికే ఒకరోజు భయమేస్తే చోటిచ్చిన ఒళ్లు అది.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ కుదిపింది ఉత్తర ఐరోపా వాళ్ల పాత దేవుడు ఓడిన్ కథ. ఆయనకు రెండు పెద్ద కాకులు, హూగిన్, మూనిన్. ఒకటి ఆలోచన, ఒకటి జ్ఞాపకం. రోజూ లోకమంతా తిరుగుతాయి. ఆ ప్రాంతపు పాత నార్స్ భాషలోని పద్యంలో ఓడిన్ అంటాడు, హూగిన్ తిరిగి రాదేమోనని భయపడతానని, మూనిన్ గురించి ఇంకా ఎక్కువ భయమని. నాన్న గొంతు ఎలా ఉండేదో ఒక మధ్యాహ్నం ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు నాకు. ఆ పద్యం అప్పుడు అర్థమైంది.

డచ్ చిత్రకారుడు వాన్ గో గోధుమ చేను మీద కాకుల్ని 1890 జులైలో వేశాడు. అదే ఆయన ఆఖరి బొమ్మ అని, ఆ కాకులు చావుకు గుర్తని చాలామంది నమ్ముతారు. దాని తర్వాతా ఆయన బొమ్మలు వేశాడు. ఆ రోజుల్లోనే రాసిన ఉత్తరంలో, ఆ పొలాల్లో తనకు దుఃఖం, ఒంటరితనం కనిపించాయన్నాడు, పల్లెలో ఒంటికి బలమిచ్చేదేదో ఉందనీ అదే ఉత్తరంలో అన్నాడు. మనమే మొదటి సగం పట్టుకున్నాం.

బొమ్మ ఎలా వెయ్యాలో నాకు నేర్పింది మాత్రం జపాన్ చిత్రకారుడు క్యోసాయ్. 1881లో టోక్యోలో జరిగిన ప్రదర్శనలో ఎండుకొమ్మ మీద ఒంటరి కాకిని పెట్టాడు. దాని వెల 100 యెన్‌లు. ఒక్క కాకికి ఇంతా అని అడిగితే, అది కాకి వెల కాదు, ఏళ్ల తరబడి చేసిన సాధన వెల అన్నాడని చెబుతారు. ఆ బొమ్మలో సిరా అన్నిచోట్లా ఒకే చిక్కదనంతో ఉండదు. అది చూశాకే, నేను ఈకంతా నింపెయ్యడం వల్ల చెడిందని తెలిసింది.

ఇరవై, ముప్పై కాగితాలు పాడయ్యాక మొన్న రాత్రి ఒక కాకి కుదిరింది. కిటికీ చువ్వ మీద కూర్చుని, తల పక్కకు వాల్చి. నలుపు మధ్య తెల్ల కాగితం సన్నగా వదిలాను, మెరుపు కోసం. అమ్మకు చూపించాను. కళ్లజోడు వెతుక్కుని పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగుంది గానీ, దాని మెడ ఇలా ఉండదే," అంది. "మెడ చుట్టూ బూడిద రంగు కదా. తలెత్తినప్పుడు నువ్వు చూడలేదూ?"

పొద్దున అది వచ్చినప్పుడు చూశాను. నెత్తి నలుపు, రెక్కలు నలుపు. మెడ, రొమ్ము చల్లారిన బూడిదలా ఉన్నాయి. ఇన్ని నెలలూ నేను ఈకను చూస్తూ కూర్చుంటే, అమ్మ కాకిని చూసింది.

ఇంకో కాగితం తీశాను. ఈసారి సిరాలో నీళ్లు ఎక్కువ కలపాలి.