గంటస్తంభం దగ్గర సున్నపు మేడ

విశాఖ నుంచి విజయనగరం రైల్లో గంట ప్రయాణం. స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కి గంటస్తంభం దగ్గర దిగాం. మేం చూడాల్సిన మేడ అక్కడికి నడిచిపోయేంత దూరమే. కింద ఎనిమిది గదులు, పైన తొమ్మిది. చాలా ఏళ్లు వృద్ధాశ్రమంగా నడిచింది. పెద్దవాళ్లని కొత్త భవనానికి మార్చాక, దీన్ని హోటల్‌గా చేద్దామని సొంతదారులు అనుకుంటున్నారు. ఏం ఉంచాలో, ఏం మార్చాలో చూసి చెప్పడానికి వెళ్లాం. ఇంకా ఒక్క గోడ కూడా ముట్టుకోలేదు. వెళ్లాల్సిన సమయానికే వెళ్లామనిపించింది.

పాత కట్టడానికి కొత్త పని అప్పజెప్పడం ఈ ఊరికి అలవాటే. 1713లో పునాది పడిన కోటలో ఇవాళ కాలేజీలు నడుస్తున్నాయి. కోరుకొండ ప్యాలెస్‌లో 1962లో సైనిక్ స్కూలు పెట్టారు. కానీ చదువు చెప్పే గదికి బల్లలు, ఫ్యాన్లు ఉంటే చాలు. హోటల్ అంటే గదికో బాత్రూం, గదికో ఏసీ. అంటే పాత ఇంట్లోకి నీళ్లు తీసుకురావడం. ఈ మేడలో ఎటు చూసినా మా కళ్లు నీళ్ల జాడే వెతికాయి.

కింది గోడలు అడుగున్నర మందం, ఇటుక, సున్నం. మోకాలి ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పట్టి పెచ్చులు లేచాయి. అదీ కొన్ని చోట్లే. ఎప్పుడో మరమ్మతులో సిమెంటు పూసిన చోట్ల మాత్రమే. మాతో ఉన్న తాపీమేస్త్రీ గోరుతో గీరి చూపించాడు: "సున్నం గోడకి సిమెంటు ఏస్తే చెమ్మ లోపలే ఉండిపోద్ది బాబూ. రెండు వానలకి పెచ్చులూడిపోతాది." నేల నుంచి పైకెక్కే చెమ్మ సున్నంలోంచి గాలికి ఆరిపోతుంది. సిమెంటు దానికి మూత పెడుతుంది. అందుకని చెమ్మ గీతకి అడుగు పైదాకా సిమెంటు చెక్కేయాలి. గోడని రెండు నెలలైనా ఆరనివ్వాలి. ఆ తర్వాతే డంగు సున్నం పూత. సున్నాన్ని కనీసం పదిహేను రోజులు నీళ్లలో మగ్గబెట్టి, ఒక వంతు సున్నానికి రెండు వంతుల జల్లించిన ఏటి ఇసుక కలపాలి. ఒక్కో పూత 12 మిల్లీమీటర్లు మించకూడదు. పూసిన గోడ మీద వారం రోజులు తడి గోనెలు వేలాడదీయాలి. పైన ఎమల్షన్ రంగు వద్దు, వెల్లే వేయాలి. ఎమల్షన్ కూడా సిమెంటు చేసిన తప్పే చేస్తుంది.

వృద్ధాశ్రమం వదిలి వెళ్లిన వాటిని కాంట్రాక్టరు పీకేయాల్సిన జాబితాలో రాసుకున్నాడు. మేం ఒప్పుకోలేదు. వాకిట్లో ర్యాంపు ఉంది. అరుగు ఎత్తు 45 సెంటీమీటర్లు, ర్యాంపు పొడవు 5.4 మీటర్లు. అంటే 12కి 1 వాలు, చక్రాల కుర్చీకి సరిగ్గా కావలసిన లెక్క. తలుపులు మూడడుగుల వెడల్పు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముసలి తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని వచ్చే కుటుంబాలకి ఇంతకంటే ఏం కావాలి? ఇవన్నీ ఉంచాలి. గోడకున్న పట్టుకమ్మీలు మాత్రం ఊగుతున్నాయి. చిన్న స్క్రూలు, చెక్క బిరడాల్లో బిగించారు. సున్నం గోడలో విచ్చుకునే బోల్టు వేస్తే ఇటుక చీలుతుంది. గోడకి ఆరపార బోల్టు తోసి, అవతలి వైపు ఇనుప పలక వేసి బిగించడమే దారి.

పైకెక్కే చెక్కమెట్లు నాలుగడుగులు, అంటే 1.2 మీటర్లు. జాతీయ భవన నియమావళి హోటల్ మెట్లకి అడిగేది 1.5 మీటర్లు. చెక్కమెట్లని అలాగే ఉంచి, పెరటివైపు ఇనుప మెట్లు వేరే కాళ్ల మీద, పాత గోడకి బరువు పెట్టకుండా కట్టమన్నాం. ఆ నియమావళిలో వృద్ధాశ్రమం ఒక తరగతి, హోటల్ మరో తరగతి. వాడకం మారుతోందని మున్సిపల్ కార్పొరేషన్‌కి, అగ్నిమాపక శాఖకి ముందే కాగితం పెట్టాలి. పని అయ్యాక వెళ్తే మెట్లు మళ్లీ కట్టాల్సి వస్తుంది.

ఎక్కువసేపు గడిపింది పై అంతస్తులోనే. దాని నేల మద్రాసు టెర్రస్ పద్ధతిలో కట్టింది. బరువు మోసే గుగ్గిలం చెక్క దూలాలు, అంటే దంతెలు, అడుగున్నర ఎడంలో, వాటి మీద ఏటవాలుగా నిలబెట్టిన పలుచని ఇటుకలు, ఆపైన సున్నంలో కలిపి కొట్టిన ఇటుక ముక్కల పొర, అన్నిటికంటే పైన పెంకు బిళ్లలు. చదరపు మీటరుకి 350 నుంచి 400 కిలోల బరువు ఈ దంతెలు ఇప్పటికే మోస్తున్నాయి. ఆగ్నేయ మూల ఉమ్మడి మరుగుదొడ్డి నేల కింద ఒక దంతె నల్లగా కనిపించింది. కింది గదిలో నిచ్చెనేసుకుని, అది గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే, రెండంగుళాలు మెత్తగా దిగిపోయింది. జానెడు ఇవతల అదే చెక్క ఇనుములా ఉంది. నేల మీది నీరు పోయే నహాని ట్రాప్ దగ్గర సందు, దానిలోంచి బొట్టు బొట్టుగా నీరు, గోడలో ఆరే దారిలేని కొస. దంతెలు ఇలాగే పోతాయి. ముందుగా సరుగుడు బాదులతో కింది నేల దాకా ఊతం ఇవ్వాలి. పుచ్చిన మేర కోసేసి, మంచి చెక్కకి రెండు వైపులా ఇనుప చానళ్లు పట్టించి బోల్టులు వేయాలి. ఒకసారి ఒక్క దంతె మీదే పని.

గదిలోపలే బాత్రూంలు కడదామన్న ప్లాన్‌కి ఇక్కడే సమాధానం దొరికింది. పైపుల కోసం అడుగు లోతు నింపితే చదరపు మీటరుకి ఆ నింపుడే 500 కిలోలవుతుంది. మనుషులు, సామాన్లు కలిపి పడకగదికి లెక్కగట్టే వాడకపు బరువు 200 కిలోలే. కాబట్టి బాత్రూంలన్నీ పెరట్లో, ఒకదాని మీద ఒకటిగా, కొత్త కాంక్రీటు స్తంభాల మీద రావాలి. పాత గోడకీ కొత్త కట్టడానికీ మధ్య 25 మిల్లీమీటర్ల ఎడం వదలాలి. పెరటి కిటికీల గూళ్లనే కిందికి కోసి తలుపులు పెట్టుకోవచ్చు. ముందు వరస గదులకి ఈ దారి లేదు. అందుకే పదిహేడు గదులు పద్నాలుగవుతాయి. ఆ మూడు గదులూ పోయినా సరే అంటాం.

ట్యాంకు లెక్క కూడా ఇంతే. హోటల్లో మంచానికి రోజుకి 180 లీటర్లు. 28 మంచాలకి 5,040 లీటర్లు, అంటే అయిదు టన్నులు. మిద్దె మీద పెట్టే మాటే లేదు. నేలలో సంపు కట్టి, ప్రెషర్ పంపుతో పైకి పంపాలి.

ఏసీలకి త్రీఫేజ్ కనెక్షను, ఒక్కోదానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ. గోడలో గాడి నిలువుగా అయితే మందంలో మూడో వంతు, అడ్డంగా అయితే ఆరో వంతు మించకూడదు. అన్నిటికంటే ముఖ్యం ఏసీ నీటి గొట్టం. గోడ మీద వదిలేస్తే మన తీరప్రాంతపు ఉక్కలో రోజూ బకెట్ నీళ్లు అదే ఇటుక తాగుతుంది. ఫాల్స్ సీలింగ్ కూడా వద్దు. కారుతున్న దంతెని అది ఏళ్ల తరబడి దాచేస్తుంది.

సాయంత్రం మిద్దె ఎక్కాం. పిట్టగోడలో రావి మొక్కలు మూడు. లాగితే గోడ కూడా ఊడొస్తుంది. మొదలు కోసి, వేళ్లు చచ్చాక సందుల్లో సున్నం కూరాలి. వాన నీరు పోయే నాలుగు తూముల్లో రెండు ఆకులతో పూడిపోయి ఉన్నాయి. మేస్త్రీ అక్కడే కూర్చుని చేత్తోనే ఆకులు తీశాడు. బకెట్ నీళ్లు తెప్పించి పోస్తే ఒకటి పారింది. రెండో దానిలో నీరు నిలిచిపోయింది. అది సరిగ్గా ఆ పుచ్చిన దంతె మూలకే ఉంది. రేపటి పని దాంతోనే మొదలుపెట్టమని రాసిచ్చి కిందికి దిగాం.