అమ్మ జ్వరం

సోమవారం సాయంత్రం దాకా అమ్మ బాగానే ఉంది. రాత్రికి 103 డిగ్రీల జ్వరం, రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. "ఒళ్లంతా రోకలితో దంచినట్టుందిరా" అంది. జలుబే అనుకుని మిరియాల పాలు ఇచ్చి, ఆవిరి పట్టించి ఒక రోజు పోగొట్టాను. ఆ బాధ ఇంకా గుచ్చుతోంది. జలుబు తుమ్ములతో, ముక్కు కారడంతో మెల్లగా మొదలవుతుంది. ఫ్లూ ఒక్కసారిగా మీద పడుతుంది. అమ్మకు 68 ఏళ్లు, పైగా షుగరు. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో వేస్తేనే ఎక్కువ మేలని డాక్టరు చెప్పారు. అదృష్టం, ఆలోపే వెళ్లాం. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం, వీటిలో ఏది కనిపించినా దయచేసి తెల్లవారే దాకా ఆగకండి. ఈ ఉదయం అమ్మ అర గ్లాసు జావ తాగింది.